మహాసముద్రంపై ఒంటరి తెడ్డు: విరాళాల యాత్ర వెనుక రెండు లెక్కలు

మాంగో (జంషెడ్‌పూర్): మాంగో వంతెనపై నిలబడి చూస్తే సువర్ణరేఖా నది అటు సాక్చీకి, ఇటు మాంగోకు నడుమ సరిహద్దు గీసినట్లు పారుతూ కనిపిస్తుంది. సోనారీ వద్ద ఖర్కాయ్ నదిని కలుపుకొని వచ్చే ఈ ప్రవాహం ఘాట్‌శిల మీదుగా సాగి, పశ్చిమ బెంగాల్, ఒడిశా నేలలను తాకి, చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. మాంగోకు సముద్రం దూరమే. అయితే ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఈ నగర పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సముద్రం కొత్త కాదు. వేటకు వెళ్లిన పడవ తిరిగి వచ్చేవరకు ఒడ్డున ఎదురుచూడటం అంటే ఏమిటో తీరప్రాంతం నుంచి వచ్చినవారికి తెలుసు.

అటువంటి సముద్రంపైకి తెరచాప లేకుండా, యంత్రం లేకుండా, తోడు లేకుండా ఒక మనిషి కేవలం రెండు తెడ్లతో బయలుదేరితే? ఆ యాత్ర పేరిట అనాథ బాలలకో, రోగులకో విరాళాలు సేకరిస్తే? గత కొన్ని దశాబ్దాలుగా ప్రపంచంలో ఇటువంటి యాత్రలు ఏటా జరుగుతున్నాయి. ఎక్కడో అట్లాంటిక్‌పై సాగే యాత్రకు సంబంధించిన విరాళ విజ్ఞప్తి నేడు మాంగోలోని చేతిఫోనుకు కూడా క్షణాల్లో చేరుతోంది. కనుక ఈ యాత్ర ఎలా సాగుతుంది, అందులో ప్రాణానికి ఏది రక్ష, ఇచ్చిన డబ్బు ఎటు వెళుతుంది అన్న ప్రశ్నలు ఇక్కడి శ్రోతలకు, పాఠకులకు కూడా సంబంధించినవే.

ఒక తాజా ఉదాహరణ

బెంగళూరు మూలాలున్న అనన్య ప్రసాద్ 2024 డిసెంబరులో స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులలోని లా గొమేరా నుంచి ఒంటరిగా పడవలో బయలుదేరారు. అట్లాంటిక్ మహాసముద్రంపై సుమారు 3,000 మైళ్లు, అంటే దాదాపు 4,800 కిలోమీటర్లు తెడ్లు వేసి, 52 రోజులకు పైగా ప్రయాణించి కరీబియన్ ప్రాంతంలోని ఆంటిగ్వా ద్వీపం చేరుకున్నారు. అట్లాంటిక్‌ను ఈ విధంగా ఒంటరిగా దాటిన తొలి శ్వేతేతర మహిళగా గుర్తింపు పొందారు. ఆమె కన్నడ రాష్ట్రకవి జి.ఎస్. శివరుద్రప్ప మనవరాలు.

ఈ యాత్ర ద్వారా లక్షా 50 వేల పౌండ్లకు పైగా విరాళాలు సమకూరాయి. అప్పటి మారకపు విలువలో ఇది కోటిన్నర రూపాయలను మించిన మొత్తం. బ్రిటన్‌లో మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే మెంటల్ హెల్త్ ఫౌండేషన్, కర్ణాటకలోని చామరాజనగర్‌లో అనాథ బాలలను ఆదరించే దీనబంధు ట్రస్టు కోసం ఆమె ఈ నిధిని సేకరించారు.

52 రోజులలో 4,800 కిలోమీటర్లంటే సగటున రోజుకు 90 కిలోమీటర్లకు పైగా. ఇది కండబలం ఒక్కదానితో సాధ్యమయ్యేది కాదు. ఆమె దీనికి మూడేళ్లకు పైగా సన్నద్ధమయ్యారు. నడిసముద్రంలో పడవ చుక్కాని విరిగినప్పుడు ఆమెను నిలబెట్టింది ఆ సన్నద్ధతే.

అనన్యకు ముందు, 2007లో, భావిక్ గాంధీ స్పెయిన్ నుంచి ఆంటిగ్వాకు ఒంటరిగా 106 రోజులు తెడ్లు వేసి, అట్లాంటిక్‌ను ఈ రీతిలో దాటిన తొలి భారతీయుడిగా నిలిచారు.

ఈ సాహసం ఎప్పుడు మొదలైంది?

మహాసముద్రాన్ని తెడ్లతో దాటిన తొలి యాత్రగా నమోదైనది 1896 నాటిది. నార్వే నుంచి అమెరికాకు వలస వెళ్లిన జార్జ్ హార్బో, ఫ్రాంక్ సామ్యూల్‌సెన్ న్యూయార్క్ నుంచి బయలుదేరి, 55 రోజులలో ఇంగ్లండ్ సమీపంలోని సిల్లీ దీవులు చేరారు. వారిది 18 అడుగుల చెక్క పడవ.

ఒంటరి యాత్రకు 1969 మైలురాయి. బ్రిటన్‌కు చెందిన జాన్ ఫెయిర్‌ఫ్యాక్స్ ఆ ఏడాది జనవరిలో కానరీ దీవుల నుంచి బయలుదేరి, 180 రోజుల అనంతరం జులై 19న అమెరికాలోని ఫ్లోరిడా తీరం చేరారు. చంద్రుడిపై మనిషి దిగడానికి అది సరిగ్గా ఒక రోజు ముందు. అదే నెలలో టామ్ మెక్‌లీన్ అట్లాంటిక్‌ను ఎదురు దిశలో, కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి ఐర్లండ్ వరకు, ఒంటరిగా దాటారు. ఒంటరిగా అట్లాంటిక్ దాటిన తొలి మహిళ అమెరికాకు చెందిన టోరీ మర్డెన్. 1998లో ఆమె తొలి ప్రయత్నం తుపాను కారణంగా విఫలమైంది. మరుసటి ఏడాది మళ్లీ బయలుదేరి, 81 రోజులలో గమ్యం చేరారు.

1997లో సర్ చే బ్లైత్ చొరవతో అట్లాంటిక్‌పై తెడ్ల పడవల పోటీ ప్రారంభమైంది. నేడు లా గొమేరా నుంచి ఆంటిగ్వా వరకు జరిగే పోటీ ఆ పరంపరలోనిదే. పోటీలు రావడంతో నియమాలు, తనిఖీలు, సహాయ వ్యవస్థలు ఏర్పడ్డాయి. యాత్రికులు ఏదో ఒక సేవాసంస్థ కోసం నిధులు సేకరించడం కూడా ఈ పోటీలలో ఆనవాయితీగా మారింది.

పడవలో ఏముంటుంది?

ఒంటరి యాత్రికుల పడవ సాధారణంగా ఏడు మీటర్ల అటూ ఇటూ పొడవుంటుంది. మధ్యలో జారుడు పీట. దానిపై కూర్చుని కాళ్లతో తన్నుతూ, వెనక్కు వాలుతూ తెడ్లు లాగాలి. తెడ్లు వేసే మనిషి ముఖం ఎప్పుడూ పడవ వెనుక భాగం వైపే ఉంటుంది. అంటే వెళ్లే దారి కనిపించదు, వచ్చిన దారే కనిపిస్తుంది. దిశ చూపడానికి ఉపగ్రహ పరికరాలు, చుక్కానిని సరిచేయడానికి స్వయంచాలక సాధనం ఉంటాయి.

పడవకు ఒక కొసన మనిషి పడుకోగలిగినంత చిన్న గది ఉంటుంది. దాని తలుపు గాలి చొరబడకుండా మూసుకుంటుంది. పెద్ద కెరటం పడవను తలకిందులు చేసినా, ఆ గదిలోని గాలి, అడుగున అమర్చిన బరువు కలిసి దానిని తిరిగి నిటారుగా నిలుపుతాయి. తలుపు తెరిచి ఉంచితే మాత్రం ఈ ఏర్పాటు పనిచేయదు. అందుకే ఉక్కగా ఉన్నా తలుపు మూసి ఉంచడం ప్రాణరక్షణ నియమాలలో మొదటిది. బయట ఉన్నంతసేపు నడుముకు తాడు కట్టుకుని ఉండటం రెండవది. ఒంటరి యాత్రికులు పడవ నుంచి జారిపడితే, వెనక్కు తిప్పి తెచ్చే మరో మనిషి ఉండరు. గాలికి పడవ మనిషి ఈదగలిగే వేగం కంటే త్వరగా దూరమవుతుంది.

తాగునీటిని మోసుకెళ్లడం సాధ్యం కాదు. సౌరఫలకాల విద్యుత్తుతో పనిచేసే యంత్రం సముద్రపు నీటిని అధిక పీడనంతో సన్నని పొర గుండా పంపి ఉప్పును వేరుచేస్తుంది. రోజుల తరబడి మబ్బు పడితే విద్యుత్తు తగ్గుతుంది. అప్పుడు చేతితో నడిపే పంపే దిక్కు. ఆహారం చాలావరకు ఆరబెట్టిన పొడి రూపంలో ఉంటుంది, వేడినీళ్లు పోసి తినాలి. ఎదురుగాలి వీచినప్పుడు నీటిలో గొడుగులా విచ్చుకునే లంగరును వదులుతారు. అది పడవను ఆపదు గానీ, వెనక్కు కొట్టుకుపోయే వేగాన్ని తగ్గిస్తుంది, పడవ ముక్కును అలలకు ఎదురుగా నిలుపుతుంది.

పడవ అడుగున అంటుకునే చిన్న జీవులు వేగాన్ని హరిస్తాయి. వాటిని గోకివేయడానికి నడిసముద్రంలో నీటిలోకి దిగవలసి వస్తుంది. ఉప్పునీటి ఒరిపిడికి చర్మం పుండ్లు పడుతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఒకేసారి నిండు నిద్ర దొరకడం అరుదు. 2005-06లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన రోజ్ సావేజ్ యాత్రలో నాలుగు తెడ్లూ విరిగాయి, ఉపగ్రహ ఫోను మూగబోయింది. అతుకులు వేసిన తెడ్లతోనే ఆమె 103 రోజులకు ఒడ్డు చేరారు. తరువాతి సంవత్సరాలలో పసిఫిక్, హిందూ మహాసముద్రాలను కూడా అలాగే దాటారు.

మొదటి లెక్క: ప్రాణానిది

ఈ యాత్రలన్నీ సుఖాంతాలు కావు. 2020 జూన్‌లో అమెరికా పారాలింపిక్ క్రీడాకారిణి ఏంజెలా మాడ్సెన్ లాస్ ఏంజెలెస్ నుంచి హవాయికి ఒంటరిగా వెళుతూ మరణించారు. పడవ ముందుభాగంలోని లంగరు సామగ్రిని సరిచేయడానికి నీటిలోకి దిగుతున్నట్లు తెలిపిన తరువాత ఆమెతో సంబంధాలు తెగిపోయాయి. 2022 జనవరిలో ఫ్రాన్స్‌కు చెందిన 75 ఏళ్ల జాన్-జాక్ సావాన్ అట్లాంటిక్‌పై ప్రాణాలు కోల్పోయారు. ఆయన ప్రమాద సంకేతాలు పంపారు. సహాయం చేరేసరికి పడవ తలకిందులై ఉంది. అనుభవం, పరికరాలు రెండూ ఉన్నవారికే ఈ పరిణామం ఎదురైంది.

ప్రమాద సంకేతం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. పడవలోని అత్యవసర ప్రసారిణిని నొక్కగానే దాని సంకేతాన్ని కాస్పాస్-సర్సాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ గ్రహిస్తుంది. భారతదేశం ఇందులో భాగస్వామి. ఇస్రో ఆధ్వర్యంలో బెంగళూరులోని కేంద్రం ఆ సంకేతాలను స్వీకరించి రక్షణ విభాగాలకు అందజేస్తుంది. భారత సముద్ర పరిధిలో గాలింపు, రక్షణ బాధ్యత తీర రక్షక దళానిది. సముద్రంలో ఆపదకు దాని అత్యవసర ఫోను సంఖ్య 1554.

అయితే నడిసముద్రంలో సంకేతం అందడం వేరు, సహాయం చేరడం వేరు. సమీపంలోని ఓడ రోజుల దూరంలో ఉండవచ్చు. 2018 సెప్టెంబరులో ఒంటరి తెరచాప యాత్రలో ఉన్న భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కి, వెన్నుకు తీవ్ర గాయమై కదలలేని స్థితిలో పడిపోయారు. ఆయనను కాపాడటానికి పలు దేశాలు సమన్వయంతో పనిచేశాయి. చివరకు ఫ్రాన్స్‌కు చెందిన ఒసిరిస్ అనే నౌక ఆయనను చేరుకుంది. ఒంటరి యాత్ర విఫలమైతే దాని భారం యాత్రికుడిపైనే కాక, దారి మళ్లే ఓడలపై, ఆ ఓడల సిబ్బందిపై కూడా పడుతుంది. సన్నద్ధత వ్యక్తిగత విషయం మాత్రమే కాదనడానికి ఇదే కారణం.

బంగాళాఖాతంలో సాధ్యమా?

అట్లాంటిక్ యాత్రలు ఎక్కువగా డిసెంబరులో కానరీ దీవుల నుంచే ఎందుకు మొదలవుతాయన్నది సహజమైన ప్రశ్న. ఆ కాలంలో ఈశాన్యం నుంచి నైరుతికి వీచే వ్యాపార పవనాలు పడవను వెనుక నుంచి నెడతాయి. జూన్ నుంచి నవంబరు వరకు సాగే అట్లాంటిక్ తుపానుల కాలం అప్పటికి ముగుస్తుంది. తెడ్లు వేసే మనిషికి గాలి, ప్రవాహం తోడైతేనే అంత దూరం సాధ్యం.

బంగాళాఖాతం స్వభావం వేరు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి ఇక్కడ తుపానుల ముప్పు ఉంటుంది. నడుమ నైరుతి రుతుపవనాలు సముద్రాన్ని అల్లకల్లోలం చేస్తాయి. అనుకూలమైన వ్యవధి స్వల్పం. అయినా ప్రయత్నాలు లేకపోలేదు. 1969లోనే పినాకి రంజన్ ఛటర్జీ, జార్జ్ ఆల్బర్ట్ డ్యూక్ 'కానోజీ ఆంగ్రే' అనే తెడ్ల పడవలో కలకత్తా నుంచి అండమాన్ చేరారు. సువర్ణరేఖ కలిసే సముద్రం మీదుగానే ఆ యాత్ర సాగింది.

తెలుగువారి విషయానికి వస్తే, ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌకపై 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళలలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తూర్పుగోదావరి ప్రాంతపు గోలి శ్యామల 52 ఏళ్ల వయసులో విశాఖపట్నం నుంచి కాకినాడ వరకు సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 2025 జనవరి తొలి రోజులలో ఆ యాత్ర ముగించారు. ఇవి తెడ్ల యాత్రలు కావు. కానీ సముద్రాన్ని ఎదుర్కొనే ఓర్పు తెలుగువారికి కొత్త కాదని ఇవి చెబుతాయి.

రెండవ లెక్క: డబ్బుది

సేవానిధి కోసం యాత్ర అనగానే ఇచ్చిన ప్రతి రూపాయీ సేవకే చేరుతుందని దాత భావించడం సహజం. ఇక్కడే స్పష్టత అవసరం. ఒంటరి యాత్రకు ఖర్చు చాలా ఎక్కువ. పడవ ధరే పదుల వేల పౌండ్లలో ఉంటుంది. దానికి పోటీ ప్రవేశ రుసుము, పడవ రవాణా, శిక్షణ, బీమా, ఉపగ్రహ పరికరాలు, ఆహారం అదనం. ఈ ఖర్చును యాత్రికులు సొంత పొదుపు నుంచి, ప్రాయోజక సంస్థల నుంచి సమకూర్చుకుంటారు. యాత్ర ముగిశాక పడవను అమ్మి కొంత రాబట్టుకోవడం కూడా సాధారణమే.

అంటే ప్రతి యాత్రకు రెండు ఖాతాలు ఉండాలి. ఒకటి యాత్ర ఖర్చుది, రెండవది సేవాసంస్థది. ఈ రెండింటి నడుమ గోడ ఉందా లేదా అన్నదే యాత్ర విశ్వసనీయతకు గీటురాయి. ప్రాయోజకుడు ఇచ్చే డబ్బు పడవపై తన పేరు కనిపించడం కోసం. సామాన్యుడు ఇచ్చే డబ్బు పిల్లల చదువు కోసమో, చికిత్స కోసమో. రెండవది మొదటిదానిలో కలిసిపోతే, యాత్ర విజయవంతమైనా నమ్మకం మునిగిపోతుంది.

మరి ఆ ఖర్చంతా నేరుగా సేవాసంస్థకే ఇస్తే సరిపోదా అన్నది తరచు వినిపించే అభ్యంతరం. అందులో న్యాయం ఉంది. సేకరించిన మొత్తం యాత్ర వ్యయాన్ని గణనీయంగా మించకపోతే ఆ ప్రశ్నకు సమాధానం దొరకదు. మించిన సందర్భాలు ఉన్నాయి. బ్రిటన్ వ్యాపారవేత్త ఫ్రాంక్ రోత్‌వెల్ 70 ఏళ్ల వయసులో అట్లాంటిక్‌పై ఒంటరిగా 56 రోజులు తెడ్లు వేసి 2021 ఫిబ్రవరిలో ఆంటిగ్వా చేరారు. మతిమరుపు వ్యాధి అయిన అల్జీమర్స్‌పై పరిశోధన కోసం 10 లక్షల పౌండ్లకు పైగా నిధి సమకూర్చారు. ఆయన సముద్రంపై ఉండగానే, అదే వ్యాధితో బాధపడుతున్న ఆయన బావమరిది కన్నుమూశారు.

విరాళం ఇచ్చేవారు కేవలం లెక్క చూసి ఇవ్వరు. ఒక మనిషి తమకు తెలిసినవారి బాధ కోసం కష్టపడుతున్నారన్న భావన వారిని కదిలిస్తుంది. రోజూ అందే యాత్రా సమాచారం ఆ భావనను నిలుపుతుంది. ఒక్కరోజు వచ్చి మరుగయ్యే విజ్ఞప్తి కంటే, రెండు నెలలు కొనసాగే యాత్ర ఎక్కువమంది దృష్టిని సేవాసంస్థ వైపు మళ్లిస్తుంది. ఆ దృష్టిని దుర్వినియోగం చేయకపోవడం యాత్రికుల బాధ్యత.

దాతలు ఏం గమనించాలి?

మొదటిది, డబ్బు ఎవరి ఖాతాకు చేరుతోంది? యాత్రికుల వ్యక్తిగత ఖాతాకు కాకుండా సేవాసంస్థ ఖాతాకు నేరుగా చేరే ఏర్పాటు ఉత్తమం. మన దేశంలో బంధువులు కానివారి నుంచి ఒక వ్యక్తికి ఏడాదిలో అందిన మొత్తం 50 వేల రూపాయలు దాటితే, అది పన్ను విధించదగిన ఆదాయం కాగలదు. సదుద్దేశంతో సొంత ఖాతాలో విరాళాలు సేకరించినవారు కూడా ఈ చిక్కులో పడవచ్చు.

రెండవది, రసీదు. ఆదాయపు పన్నులో 80జి పేరుతో పరిచితమైన మినహాయింపు గుర్తింపు పొందిన సంస్థలకు ఇచ్చిన విరాళాలకే, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇస్తే మినహాయింపు లభించదు.

మూడవది, విదేశీ విరాళాలు. విదేశాల నుంచి భారతీయ సేవాసంస్థకు డబ్బు అందాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. ఆ డబ్బు న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. విదేశాల్లోని తెలుగువారు స్వస్థలంలోని సంస్థ కోసం నిధులు సేకరించాలనుకుంటే ముందుగా తేల్చుకోవలసిన అంశం ఇదే. బ్రిటన్‌లో పన్ను చెల్లించే దాత గిఫ్ట్ ఎయిడ్ పద్ధతిలో ఇస్తే, ప్రతి పౌండుకు ప్రభుత్వం మరో 25 పెన్నీలు అక్కడి సేవాసంస్థకు జతచేస్తుంది.

నాలుగవది, యాత్ర మధ్యలో ఆగితే ఏమవుతుంది? గమ్యం చేరకపోయినా విరాళం సేవాసంస్థకే చెందుతుందని ముందే ప్రకటించడం మంచి పద్ధతి. దీనివల్ల దాతకు స్పష్టత ఉంటుంది. మరో ప్రయోజనం కూడా ఉంది. డబ్బు గమ్యంతో ముడిపడి లేదని తెలిస్తే, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు వెనుదిరగడానికి యాత్రికులు సంకోచించరు. విరాళం నియమం ప్రాణరక్షణ నియమంగా కూడా పనిచేసేది ఇక్కడే.

జంషెడ్‌పూర్ అనుభవం

సముద్రం లేని ఊరికి సాహసం దూరమేమీ కాదు. ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ సారథ్యంలో 1984 నుంచి జంషెడ్‌పూర్ కేంద్రంగా టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ పనిచేసింది. 1994లో ఆమె నాయకత్వంలో 18 మంది మహిళలు మూడు తెప్పలపై హరిద్వార్ నుంచి కలకత్తా వరకు గంగానదిపై 2,155 కిలోమీటర్లు 39 రోజులలో ప్రయాణించారు. మాంగో దాటి దల్మా కొండల వైపు వెళితే డిమ్నా జలాశయం వస్తుంది. నీటిపై భయం పోగొట్టుకుని క్రమశిక్షణ నేర్చుకోవడానికి మహాసముద్రమే అక్కర లేదు. శిక్షకుల పర్యవేక్షణలో, ప్రాణరక్షక కవచం ధరించి, అనుమతి ఉన్న నిశ్చల జలాల్లో మొదలుపెట్టడమే సరైన తొలి అడుగు. వరద కాలంలో సువర్ణరేఖలోకి దిగడం సాహసం కాదు, ప్రమాదం.

ఒంటరి యాత్ర అని పేరే గానీ, ఆ పడవ ఒక్కరి బలంతో సాగదు. దారిని గమనించే ఉపగ్రహం, వాతావరణం చెప్పే మిత్రుడు, అవసరమైతే దారి మళ్లే ఓడ, ముఖం తెలియని దాత ఇచ్చిన వంద రూపాయలు దాని వెనుక ఉంటాయి. ప్రాణం లెక్క, డబ్బు లెక్క రెండూ ఒడ్డున ఉండగానే సరిచూసుకున్న యాత్ర మధ్యలో ఆగినా ఆ దాతకు నష్టం జరగదు. చామరాజనగర్‌లోని పిల్లలకో, మరోచోటి రోగులకో చేరవలసింది చేరుతుంది.